మూడో రిపోర్టులో ఆఖరి వరస

"శనివారం పొద్దున పది నలభై ఏడుకి ఆ వ్యాను ఇక్కడే ఉందంటావు?"

"ఉందండీ. ఫొటో కూడా తీశాంగా."

"ఫొటోలో వ్యాను కనిపిస్తోంది బాబూ. తోలుకొచ్చిన మనిషి కనిపించడం లేదు. నేనడిగేది అతని సంగతి."

పొల్యూషన్ టెస్టింగ్ సెంటర్ ఆపరేటర్ మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి రుద్దుకున్నాడు. ఇరవయ్యారేళ్ళుంటాయి. మడత నలగని చొక్కా, జేబుకి తగిలించిన గుర్తింపు కార్డు, కార్డు మీద ఉన్న ఫొటోలో మాత్రం నవ్వు.

"బేకరీ ఓనరుగారే స్వయంగా తెచ్చారండీ. రిజిస్టర్లో సంతకం చూసుకోండి."

సర్వేయరమ్మ సంతకం చూడలేదు. వచ్చిన మొదటి ఐదు నిమిషాల్లోనే రెండుసార్లు చూసింది. సంతకం ఓనరుదే. కాకపోతే పైనా కిందా ఉన్న సంతకాలన్నీ కౌంటర్ మీద తాడు కట్టి ఉంచిన నల్ల పెన్నుతో పెట్టినవి. ఇదొక్కటే నీలం సిరాతో ఉంది.

ఆమె ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయరుగా పని చేసింది. సొట్టపడిన బళ్ళు చూడటం, ఆ సొట్ట ఎలా పడిందో యజమాని చెప్పే కథ వినడం, కథకీ సొట్టకీ పొంతన కుదరకపోతే ఎర్ర పెన్సిల్ తియ్యడం, అదీ ఉద్యోగం. ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకుని ఆరేళ్ళయినా పాత పిలుపు ఆమెను వదల్లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న కేసులో సొట్ట లేదు. చావు ఉంది. శనివారం పది గంటల యాభై నిమిషాలకి, ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, బేకరీ పాత గోడౌను వెనక సందులో, బేకరీ పార్టనర్‌ని బూడిదరంగు వ్యాను ఒకటి గుద్దేసి పోయింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. సందు మూల దర్జీ నంబరు ప్లేటు మీద ఆఖరి నాలుగంకెలూ చూశాడు. ఆ అంకెలు ఒక మెకానిక్ సొంత వ్యానువి. పైగా ఆ మెకానిక్‌కీ చనిపోయిన పార్టనర్‌కీ శుక్రవారం నడిబజార్లో గొడవైంది. "నీ సంగతి చూస్తా" అని మెకానిక్ అరవడం పదిమంది విన్నారు. ఆదివారం పొద్దున్నే పోలీసులు అతన్ని తీసుకుపోయారు.

ఆ పార్టనర్ లేకపోతే బాగుణ్ణని అనుకునే మనిషి ఇంకొకడున్నాడు, బేకరీ ఓనరు. బేకరీ బిల్డింగు అమ్మకానికి ఆయన తొందరపడుతుంటే పార్టనర్ సంతకం పెట్టనని భీష్మించుకున్నాడు. ఓనరుకీ అదే మోడల్ వ్యాను, అదే బూడిదరంగు. అయితే ఆ వ్యాను పది నలభై ఏడుకి ఈ సెంటర్లో టెస్టు పాసయినట్టు సర్టిఫికెట్ ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం చూసి ఓనరుకి దణ్ణం పెట్టి పంపేశాడు. మెకానిక్ భార్య సర్వేయరమ్మ గుమ్మం ఎక్కింది.

సర్వేయరమ్మ మూడు కాగితాలు బల్ల మీద పరిచింది.

"ఇవి బేకరీ వ్యాను టెస్టు రిపోర్టులు. సోమవారం ఫెయిలు. గురువారం మధ్యాహ్నం ఫెయిలు. శనివారం పాసు. ముందు రెండుసార్లూ ఎందుకు పోయింది?"

ఆపరేటర్ మొహం కాస్త తేటపడింది. తెలిసిన ప్రశ్న వచ్చింది మరి. "ఇంజన్ మార్చారండీ దానికి. పాత ఇంజన్ పూర్తిగా పాడైపోతే, యాక్సిడెంటైన వేరే బండి ఇంజన్ తెచ్చి బిగించారు. ఇంజన్‌తో పాటు దాని కంప్యూటర్ కూడా వచ్చింది. కానీ పొగగొట్టంలో ఉండే సెన్సరుకీ ఈ వ్యాను పాత వైరింగుకీ పడట్లేదు. సెన్సర్ తప్పు చూపిస్తూనే ఉంటుంది, డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతూనే ఉంటుంది. లైటు వెలుగుతుంటే మా మెషీన్ ఒప్పుకోదండీ."

"గురువారం ఒప్పుకోనిది శనివారం ఎలా ఒప్పుకుంది?"

"రిపేరు చేయించుంటారు."

"ఎవరి దగ్గర?"

"మా బా... మెకానిక్ దగ్గరే."

"మా బా అంటే? బాబాయా, బావా?"

బయట టెస్టు చేసే చోట ఏదో స్కూటర్ టుర్రుమని ఆగింది.

"బావండీ," అన్నాడు ఆపరేటర్ తల దించుకుని. "అక్క మీకు చెప్పలేదా?"

అక్క చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది తర్వాత తేల్చుకోవచ్చు. సర్వేయరమ్మని తొలిచింది వేరే ప్రశ్న. సొంత అక్క మొగుడు నాలుగు రోజులుగా లాకప్‌లో కూర్చుని ఉంటే, ఈ తమ్ముడు పరాయివాడికి సాక్ష్యం పలుకుతున్నాడేమిటి? నిజం చెప్పక తప్పదనుకునే మనిషైతే సరే. కానీ అలాంటి మనిషి ఫ్యాను కింద కూర్చుని ఇంత చెమట పట్టడు.

ఆమె కళ్ళజోడు సవరించుకుని మూడు రిపోర్టుల అడుగు భాగం వేలితో చూపించింది. చీమ తలకాయంత అక్షరాలు.

"ఇవి చదివావా ఎప్పుడైనా?"

"అవి మెషీన్ తనంతట తనే కొడుతుందండీ. ఎవరూ చదవరు."

"నేను చదువుతాను, నాకదే జబ్బు. పై వరసలో ఏముంది? 'లోపాలు చెరిపాక తిరిగిన దూరం.' సోమవారం అరవై రెండు కిలోమీటర్లు. మళ్ళీ చెరిపి తెచ్చారు కాబట్టి గురువారం పంతొమ్మిది. బాగానే ఉంది. శనివారం ఎంతుందో పైకి చదువు."

అతను కాగితాన్ని ఆమె వైపు జరిపాడు.

"ఇరవై ఒక్క వేల మూడొందల ఎనభై," ఆమే చదివింది. "గురువారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుటి లోపల బేకరీ వ్యాను సగం భూమి చుట్టొచ్చిందా బాబూ? రొట్టెలు ఎక్కడిదాకా వేస్తున్నారేమిటి?"

"మెషీన్ తప్పు కొట్టుంటుందండీ."

"సరే. మరి ఆఖరి వరస? బండి కంప్యూటర్ తన ఛాసిస్ నంబర్ తనే చెప్పుకుంటుంది కదా. సోమవారం చెప్పింది డెబ్బై ఏడు పద్దెనిమిదితో ముగిసింది, అంటే ఆ యాక్సిడెంట్ బండిది. గురువారమూ అదే. శనివారం నలభై నాలుగు సున్నా ఆరు. మెషీన్ ఒకే రోజు, ఒకే బండికి, రెండు తప్పులు కొట్టిందా?"

ఆపరేటర్ రిజిస్టర్ మూసి పక్కకి నెట్టాడు.

"నువ్వు ఆ రోజు మెషీన్ కేబుల్ పెట్టింది బేకరీ వ్యానుకి కాదు. దేనికి?"

"సాయంత్రం దాకా టైమివ్వండి మేడమ్. అక్కతో ఒక్కసారి మాట్లాడాలి. మాట్లాడి మొత్తం చెప్తాను. ఒట్టు."

వాచీ చూసుకుంది. పది కావడానికి పది నిమిషాలు. ఇతన్ని ఇంకో గంట కూర్చోబెట్టి పిండొచ్చు. కానీ ఆ నంబరు ఏ బండిదో తేలితే ఇతను చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆ బండి ఎక్కడుందో కూడా ఆమెకి అప్పటికే ఒక ఊహ ఉంది.

"ఐదింటికి వస్తాను. ఇక్కడే ఉండు," అని కాగితాలు సంచీలో పెట్టుకుని లేచింది.

ఆ లేవడం తను చేసిన తప్పని రెండు గంటల తర్వాత గానీ ఆమెకి తెలియలేదు.

పోలీస్ స్టేషన్ వెనక ఆవరణలో మెకానిక్ వ్యాను తాడు చుట్టి పెట్టి ఉంది. సర్వేయరమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని టార్చి వేసి చూస్తుండగా వెనక నుంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"మేడమ్, సీజ్ చేసిన బండిని ముట్టుకోకూడదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ముట్టుకోలేదు. చూస్తున్నాను."

"చూడ్డానికి కూడా పర్మిషన్ కావాలి."

"ముద్దాయి తరఫు లాయరు నిన్న సాయంత్రం తెచ్చిన కాగితం నీ బల్ల మీదే ఉంది. దాని మీద నీ టీ గ్లాసు పెట్టావు."

పక్కనున్న కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని లోపలికి పంపేసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"వదినా, నాకెందుకు ఈ తలనొప్పి చెప్పు? ఊరంతా కేసులే, నీకు నా స్టేషనే దొరికిందా?"

ఆమె భర్తకి స్వయానా తమ్ముడతను. పోలీసు పరీక్షకి చదివిన రెండేళ్ళూ వాళ్ళింట్లోనే ఉండి, ఆమె వండింది తిని, ఆమె ఉతికిన చొక్కాతోనే ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఆ సంగతి స్టేషన్లో ఎవరికీ తెలియకూడదని అతని తాపత్రయం.

"నువ్వు సరిగ్గా చూసుంటే నేను రావలసిన పనే లేదు మరిదీ. ఈ బండి మనిషిని గుద్దిందంటావు, అవునా?"

"దర్జీ నంబరు చూశాడు. నాలుగంకెలూ పొల్లుపోకుండా చెప్పాడు."

"దర్జీ చూసింది ప్లేటు. బండి కాదు. ఇదిగో, ఈ ముందు జాలీ చూడు. ఎండిన మట్టి పొర ఎలా అంటుకుని ఉందో. గోరు తగిలితే రాలేలా ఉంది. మనిషి ఒంటి బరువు తగిలిన చోట ఈ పొర నిలుస్తుందా?"

"గుద్దాక కడిగేసి ఉంటాడు."

"కడిగితే మట్టి ఎక్కడిది?"

ఇన్‌స్పెక్టర్ మొండిగా అన్నాడు, "కడిగాక మళ్ళీ పట్టుంటుంది."

"శనివారం నుంచి ఈ బండి ఎక్కడ తిరిగిందని పట్టడానికి? సరే, ఇది చూడు." ఆమె టార్చి వెలుగు నంబరు ప్లేటు అంచుకి తిప్పింది. "ఏళ్ళ తరబడి పేరుకున్న మురికి గీత ఉంది చుట్టూ. ప్లేటు ఆ గీతకి వేలి మందం పక్కకి జరిగి కూర్చుంది. స్క్రూలు నాలుగూ తుప్పు పట్టాయి గానీ తలల మీద గాట్లు తళతళలాడుతున్నాయి. ఈ వారంలోనే ఎవరో ప్లేటు ఊడదీసి మళ్ళీ బిగించారు."

"మెకానిక్ అన్నాక సవాలక్ష ఊడదీస్తాడు, బిగిస్తాడు. వదినా, నువ్వు బళ్ళతో మాట్లాడతావు, నేను మనుషులతో మాట్లాడతాను. మనిషి నోరు విప్పడం లేదు. తప్పు చెయ్యనివాడు నాలుగు రోజులు కుక్కిన పేనులా పడుంటాడా? శనివారం పొద్దున ఎక్కడున్నావయ్యా అంటే షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నానంటాడు. అంతే. ఇంకో మాట లేదు."

"అయితే బండినే అడుగుదాం."

సంచీలోంచి బండి కంప్యూటర్‌ని చదివే, అరచేతిలో పట్టేంత రీడరు తీసి, దాని వైరు స్టీరింగు కింది ప్లగ్గులో పెట్టింది. తాళం ఒక్క మెట్టు తిప్పమని మరిదికి సైగ చేసింది. అతను విసుక్కుంటూనే తిప్పాడు. చిన్న తెర మీద అంకెలు పడ్డాయి. ఆమె కదలకుండా చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?"

"ఆఖరి నాలుగంకెలూ చదువు."

"నాలుగు, నాలుగు, సున్నా, ఆరు. అయితే?"

ఆమె మూడో రిపోర్టు తీసి అతని కళ్ళ ముందు పట్టుకుని, ఆఖరి వరస మీద బొటనవేలు ఆనించింది. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు చూశాడు. తెర చూశాడు. మళ్ళీ రిపోర్టు చూశాడు.

"ఇది... బేకరీ వ్యాను సర్టిఫికెట్ కదా?"

"పేరు బేకరీ వ్యానుది. టెస్టు అయింది ఈ బండికి. బేకరీ ప్లేట్లు దీనికి తగిలించుకుని వెళ్ళారు. అదే మోడల్, అదే రంగు, ఫొటోలో ఎవరికి తెలుస్తుంది? ఇంకొకటి చూడు. రిపోర్టులో తిరిగిన దూరం ఇరవై ఒక్క వేల మూడొందల ఎనభై. ఇప్పుడు మూడొందల తొంభై ఆరు. పదహారు కిలోమీటర్లు పెరిగింది. టెస్టింగ్ సెంటర్ నుంచి మెకానిక్ షెడ్డు పదకొండు. షెడ్డు నుంచి నీ స్టేషన్ ఐదు, అది మీ కానిస్టేబుల్ తోలుకొచ్చింది. ఆ గోడౌను సందులోకి పోయి రావడానికి ఇందులో ఒక్క కిలోమీటరైనా మిగిలిందా?"

అతను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"పది నలభై ఏడుకి సెంటర్లో ఉన్న బండి పది యాభైకి పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉండదని నువ్వే కదా రాశావు? బేకరీ ఓనరుకి నువ్విచ్చిన అలిబీ అది. ఇప్పుడది నీ లాకప్‌లో ఉన్నవాడిదయింది."

"మరి ప్లేటు? దర్జీ చూసిన ప్లేటు?"

"ప్లేట్లు మార్చుకున్నారంటే రెండువైపులా మార్చుకున్నట్టే. దీని ప్లేట్లు ఆ వ్యాను మీదికి వెళ్ళాయి."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. అతని మొహంలో కోపం ఇంకా పోలేదు గానీ అది ఎవరి మీదో అతనికే తేలడం లేదు.

"ఇంత మంచి అలిబీ పెట్టుకుని వాడు నాలుగు రోజులు నోరెందుకు మూసుకున్నాడు వదినా?"

"అదే అడుగుదాం పద."

ములాఖత్ గదిలో మెకానిక్ భార్య అప్పటికే కూర్చుని ఉంది. బైండింగ్ వర్క్‌షాపులో పని మధ్యలో భోజనం క్యారేజీతో వచ్చింది, వేళ్ళకి జిగురు ఇంకా ఆరలేదు. బల్లకి అవతల మెకానిక్. నలభై ఏళ్ళ మనిషి, నాలుగు రోజుల గడ్డం, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నలుపు. క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

సర్వేయరమ్మ కూర్చోలేదు. రిపోర్టు అతని ముందు పెట్టి ఒకటే మాట అంది. "నలభై నాలుగు సున్నా ఆరు. నీ బండే కదా?"

మెకానిక్ ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంది. కానీ అది పోలీసులంటే భయం కాదు.

"నువ్వు కాసేపు బయటికి వెళ్ళు," అన్నాడు ఆమెతో.

"నేనెందుకు వెళ్తాను? ఏముంది ఆ కాగితంలో?"

"వెళ్ళమన్నానా!"

"వెళ్ళను. నాలుగు రోజులుగా నేను తిండీ నిద్రా మాని తిరుగుతుంటే, నా దగ్గర దాచే సంగతి ఏముంది మీకు?"

సర్వేయరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు కూడా నా దగ్గర ఒకటి దాచావమ్మా. టెస్టింగ్ సెంటర్లో ఉన్నది నీ తమ్ముడని."

"వాడికీ దీనికీ ఏం సంబంధం? ఐదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన ఉద్యోగం అది. అక్కడికి పోలీసులు వెళ్తే వాడికి చెడ్డపేరని..." చెబుతూ చెబుతూ ఆగిపోయింది. భర్త మొహంలోకి చూసింది. "ఏం సంబంధం అండీ?"

మెకానిక్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"ఆ సెన్సర్ ఎంత చేసినా కుదర్లేదు. సరైనది కావాలంటే పది రోజులు పడుతుందన్నారు. ఓనరు ఆగనన్నాడు, బండి పర్మిట్ పోతుందన్నాడు. శనివారం తొమ్మిదింటికి షెడ్డుకొచ్చాడు. 'నీ వ్యానూ ఇలాంటిదే కదా, నా ప్లేట్లు పెట్టుకుని నీ బావమరిది దగ్గర టెస్టు కానిచ్చుకురా, ఈలోగా నీ ప్లేట్లు నాకు పెట్టు, నేను డెలివరీలు వేసుకొస్తా' అన్నాడు. వద్దన్నాను. రిపేరు నావల్ల కాలేదు కదా, ఈ సాయమైనా చెయ్యమన్నాడు. మొహమాటపడ్డాను. మీ తమ్ముడు కూడా వద్దనే అన్నాడు. నేనే బతిమాలాను. రిజిస్టర్లో సంతకం తర్వాత తనే వెళ్ళి పెట్టొస్తానన్నాడు ఓనరు."

"ఎన్నింటికి తిరిగొచ్చాడు?" సర్వేయరమ్మ అడిగింది.

"పదకొండు నలభై అయిదుకి. ప్లేట్లు మార్చుకుని వెళ్ళిపోయాడు. బిగిస్తుంటే స్క్రూ రెండుసార్లు జారవిడిచాడు. ఎండకేమో అనుకున్నాను. ఆదివారం పోలీసులొచ్చి నా నంబరు చెప్పాక అర్థమైంది. వీళ్ళు నన్ను తీసుకొస్తుంటే రోడ్డుకి అటుపక్క నిలబడి ఉన్నాడు. ఒకే ఒక్క మాటన్నాడు. 'నువ్వు నోరు తెరిస్తే ముందు లోపలికి పోయేది నీ బావమరిది' అని." అతను భార్య వైపు తిరిగాడు. "దొంగ సర్టిఫికెట్ ఇచ్చాడంటే వాడి ఉద్యోగం పోతుంది. జైలు కూడా పడుతుంది. మీ అమ్మ పోతూ పోతూ వాణ్ణి నీ చేతుల్లో పెట్టింది. నా నోటితో ఎలా చెప్పను?"

ఆమె ఏడుస్తుందని ఇన్‌స్పెక్టర్ అనుకున్నాడు కాబోలు, నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె ఆ గ్లాసు ముట్టలేదు. క్యారేజీ మూత తీసి, గిన్నెలు ఒక్కొక్కటే భర్త ముందు పెట్టింది.

"తినండి," అంది. "వాడు తప్పు చేశాడు. మీరూ చేశారు. దానికి ఎంత పడితే అంత పడనీండి. వాడు లోపలికెళ్తే ఇదే క్యారేజీ వాడికి తెస్తాను. అంతే గానీ, మనిషిని చంపినవాడు రొట్టెలమ్ముకుంటూ తిరగడం, మీరిక్కడ కూర్చోవడం నేను చూడలేను. ఇప్పుడే వాణ్ణి పిలుస్తాను. ఈ ఇన్‌స్పెక్టర్ గారి ముందే చెప్పిస్తాను."

ఫోన్ తీసి నొక్కి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టింది. అప్పుడు టైము పదకొండు యాభై ఎనిమిది.

నాలుగు రింగుల తర్వాత అవతల ఎత్తారు.

"ఒరే తమ్ముడూ, నేనురా. నువ్వున్న పళంగా..."

"తమ్ముడు కాదు చెల్లెమ్మా. నేను."

మెకానిక్ చేతిలో ముద్ద గిన్నెలో జారిపడింది. ఆ గొంతు ఎవరిదో పెదవులతోనే చెప్పాడు. బేకరీ ఓనరు.

ఆమె రంగు పాలిపోయింది. అయినా సర్వేయరమ్మ వేలు పెదవి మీద పెట్టి, కానివ్వమని చూపగానే, గొంతు ఎక్కడా తొణక్కుండా అంది, "అన్నయ్యగారా? వాడి ఫోన్ మీ దగ్గరుందేమిటి?"

"పొద్దున ఎవరో ఆవిడొచ్చి ఏవేవో అడిగిందట. పాపం బాగా బెదిరిపోయి నాకు ఫోన్ చేశాడు. కాస్త తిప్పి ధైర్యం చెప్పి తీసుకొద్దామని వచ్చాను. కునుకు పట్టింది వాడికి. లేపమంటావా?"

"వద్దులెండి, పడుకోనీండి. ఎక్కడిదాకా వచ్చారు?"

"ఇక్కడే. దగ్గర్లోనే." అవతల, కాస్త వెనక నుంచి, రైల్వే గేటు గంట గణగణా మోగింది. దాని వెంటే లారీ హారన్. "సాయంత్రానికి ఇంటి దగ్గర దింపుతానులే అమ్మా." లైను తెగింది.

నిద్రపోయే మనిషి కాడు ఆపరేటర్. పట్టపగలు, గుండె అరచేతిలో పెట్టుకుని ఉన్నవాడికి కునుకు ఎలా పడుతుంది? ఏదో తాగించాడు. సర్వేయరమ్మ సంచీ భుజాన వేసుకుంది. ఐదింటికి వస్తానని చెప్పి, బెదిరిన మనిషిని ఒంటరిగా వదిలేసి వచ్చింది తనే.

"తప్పు నాది," అంది పైకే. "దిద్దడం తర్వాత. మరిదీ, ఆ గేటు ఏది?"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఇంకో ఫోన్లో టెస్టింగ్ సెంటర్‌తో మాట్లాడుతున్నాడు. అది పెట్టేసి తిరిగాడు. "ఇద్దరూ బేకరీ వ్యాన్లో సరిగ్గా పదకొండున్నరకి బయల్దేరారట. లారీలు తిరిగే రోడ్డు మీద రైల్వే గేటంటే ఒక్కటే. అది దాటితే పాత క్వారీ. అరగంట ముందున్నాడు వదినా. ఎంత తోలినా అందుకోలేం."

"అందుతాడు సార్," అన్నాడు మెకానిక్.

అందరూ అతని వైపు చూశారు.

"ఆ సెన్సర్ ఇంకా మార్చలేదు. కొత్తది నా పేరు మీద ఆర్డర్లోనే ఉంది. ఊళ్ళో పదేసి నిమిషాల డెలివరీలకైతే ఆ బండి నడుస్తుంది. కానీ ఏకబిగిన అరగంట నడిచిందంటే కంప్యూటర్ ఇంజన్ని ఆపేస్తుంది. గంటసేపు చల్లారితే గానీ మళ్ళీ స్టార్టవదు. నేను రెండుసార్లు తోలి చూశాను. సరిగ్గా అరగంట."

ఇన్‌స్పెక్టర్ పిడికిలితో బల్ల మీద గుద్దాడు. "ఇంకేం! నడిరోడ్డు మీద ఇరుక్కుంటాడు. దొరికినట్టే!"

మెకానిక్ మొహంలో ఆ సంతోషం లేదు. అతను భార్య వైపు చూడకుండా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు.

"గేటు దాటాక రెండు కిలోమీటర్లు మనిషన్నవాడు కనిపించడు సార్. బండి నడుస్తున్నంతసేపూ ఆయన చేతులు స్టీరింగ్ మీద ఉంటాయి. ఆగిపోతే ఖాళీ అవుతాయి."

సర్వేయరమ్మ అప్పటికే గుమ్మం దాటింది. వెనకాల మరిది పరిగెత్తుకొచ్చి, స్టేషనంతా చూస్తుండగానే, "ముందు కూర్చో వదినా" అని జీపు తలుపు తీశాడు. మెకానిక్ భార్య ఎవరినీ అడగకుండా వెనక సీట్లోకి ఎక్కేసింది. దిగమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

జీపు స్టేషన్ గేటు దాటేసరికి పన్నెండు గంటల ఐదు నిమిషాలు.

బేకరీ వ్యాను ఆగిపోయి అప్పటికే ఐదు నిమిషాలయింది.